నాటకం చదువుకి అప్పు ఎంతవరకు?

(అమెరికాలో తెలుగు తల్లిదండ్రుల, హైస్కూల్ పిల్లల సమావేశంలో ఒక లైటింగ్ డిజైనర్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే.

నన్ను పిలిచినవాళ్లు "థియేటర్ డిగ్రీ చేస్తే ఎంత వస్తుందో చెప్పండి, చాలు" అన్నారు. చెప్తాను. కానీ ఆ ఒక్క అంకె పట్టుకుని ఇంటికెళ్తే మీకు ఒరిగేదేమీ లేదు. ఎందుకో చూపించడానికే ఈ నోట్‌బుక్ తెచ్చాను. ఇది నా 2008 నాటి పద్దుల పుస్తకం. అట్ట ఊడిపోతే స్టేజి మీద వైర్లు అంటించే నల్ల టేపు వేశాను, ఇన్నేళ్లయినా ఊడలేదు.

మాది తెనాలి. స్థానం నరసింహారావు గారు రామవిలాస సభలో వేషం కట్టిన ఊరు. మా తాతయ్య పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు. తెల్లవారుజామున ఆట అయ్యాక కాంట్రాక్టరు చేతిలో ఎంతో కొంత పెడితే పంచె కొంగున ముడేసుకుని వచ్చేవాడు. పెట్టకపోతే ఉత్త చేతులతో వచ్చేవాడు. అలాంటి నెలలు చాలా ఉండేవని నానమ్మ చెప్పేది. కానీ ఆ హార్మోనియం నేర్చుకున్నందుకు ఆయన ఎవరికీ పైసా బాకీ లేడు. నేర్పిన గురువుగారి ఇంట్లో రెండేళ్లు నీళ్లు తోడాడు, అంతే. రాబడి లేని నెల ఆయనకి పస్తు నెల అయ్యేది గానీ, ఎగవేతదారు అని ఎవరూ పేరు పెట్టలేదు.

నా సంగతి అలా జరగలేదు. పద్నాలుగో ఏట అమ్మానాన్నలతో ఇక్కడికొచ్చాను. 2002లో ఒక ప్రైవేటు కాలేజీలో థియేటర్ డిజైన్‌లో చేరాను. ప్రభుత్వ అప్పు ఆ రోజుల్లో నాలుగేళ్లకి కలిపి 17,125 డాలర్ల దాకానే ఇచ్చేవాళ్లు. చాలనిదానికి ప్రైవేటు అప్పు 41,000 తెచ్చాం. నాకు అప్పటికి పంతొమ్మిదేళ్లు, నన్ను చూసి ఎవరిస్తారు? నాన్న పూచీ సంతకం పెట్టారు. రాత్రి డ్యూటీకి వెళ్లబోతూ, యూనిఫాం చొక్కా గుండీలు పెట్టుకుంటూ, వంటగది గట్టు మీద కాగితాలు పెట్టుకుని సంతకం చేశారు. వడ్డీ మారుతూ ఉంటుందన్న వాక్యం మూడో పేజీలో ఉంది. మేమిద్దరం చదవలేదు.

2006లో డిగ్రీ చేతికొచ్చింది. రెండు అప్పులకీ కలిపి నెలకి 590 చిల్లర వాయిదా. పన్నెండో తారీఖున బ్యాంకులోంచి పోయేది.

ఇప్పుడు ఈ పుస్తకంలోంచి చదువుతాను. 2008 ఫిబ్రవరి: 2,340. ఒక డాన్స్ కంపెనీకి లైట్లు ఎక్కించడం, తర్వాత ఆరు రోజులు ఫోకస్. ఫోకస్ అంటే నిచ్చెన మీద నిలబడి ఒక్కొక్క లైటునీ ఎక్కడ పడాలో అక్కడ పడేలా తిప్పి బిగించడం. మార్చి: 410. ఏప్రిల్: 1,875. మే: 3,120. మేలో కాలేజీల గ్రాడ్యుయేషన్లు ఉంటాయి, చేతినిండా పని. జూన్: సున్నా. జూన్ కింద గీత గీసి "12వ తారీఖు - నాన్న" అని రాసుకున్నాను. ఆ నెల వాయిదా నాన్న కట్టారు. అడగడానికి ఫోన్ చేసిన సాయంత్రం నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ ఏడాది మొత్తం 23,600. దాన్ని పన్నెండుతో భాగించి "నెలకి దాదాపు రెండు వేలు, వాయిదా ఆరొందలు, సర్దుకోవచ్చు" అని కాగితం మీద ఎవరైనా లెక్క చెప్పగలరు. కానీ నేను బతికింది సగటు నెలలో కాదు. మార్చిలో బతికాను, జూన్‌లో బతికాను. నాటకం పనికి రాబడి వానలా వస్తుంది: కురిస్తే కుండపోత, లేకపోతే నెర్రెలు. అప్పు వాయిదా మాత్రం గడియారం. ఈ రెండిటికీ పొంతన కుదరక మా బ్యాచ్‌లో చాలామంది రంగం వదిలేశారు. వాళ్లలో పనితనం లేనివాళ్లు నాకు ఒక్కరూ గుర్తుకు రావడం లేదు.

అమెరికా కార్మిక గణాంకాల శాఖ చాలా వృత్తులకి గంటకి ఎంత, ఏడాదికి ఎంత అని రెండూ ప్రకటిస్తుంది. నటుల దగ్గరికొచ్చేసరికి గంట రేటు మాత్రమే ఇస్తుంది. ఏడాది జీతం గడి ఖాళీ. ఏడాదికి ఎన్ని గంటలు పని దొరుకుతుందో ఒకరికీ ఒకరికీ పోలికే లేదు కాబట్టి. ఆ ఖాళీ గడిని మీరు మనసులో పెట్టుకోండి.

అదే 2008 ఆగస్టులో ఇంకో సంగతి జరిగింది. ఒక ఊరి థియేటర్‌లో పెద్ద డిజైనర్ దగ్గర అసిస్టెంటుగా రమ్మన్నారు. పది వారాలు, వారానికి 300, ఉండటానికి గది. ఆయన పక్కన కూర్చుని పని నేర్చుకోవడం అంటే మా వృత్తిలో తలుపు తెరుచుకున్నట్టే. రెండు రాత్రులు లెక్కేశాను. పది వారాలకి మూడు వేలు. అందులో వాయిదాలకే పదిహేడొందలు దాకా పోతుంది, ఇక్కడ నా గది అద్దె ఎలాగూ కట్టాలి. రాలేనని చెప్పి హోటల్ బాల్‌రూముల్లో పెళ్లిళ్లకీ కంపెనీ మీటింగులకీ లైట్లూ మైకులూ పెట్టే ఉద్యోగంలో చేరాను. ఆ అసిస్టెంటు పనికి నా క్లాస్‌మేటే వెళ్లింది. నాకంటే గొప్పగా ఏమీ చేసేది కాదు, తక్కువగానూ చేసేది కాదు. ఆమెకి అప్పు లేదు. ఇవాళ ఆమె పేరు పోస్టర్ల మీద చూస్తాను, చాలా సంతోషంగా చూస్తాను. కానీ ఆ రెండు రాత్రుల్లో నిర్ణయం నేను తీసుకోలేదు, పన్నెండో తారీఖు తీసుకుంది. చదువుకి చేసిన అప్పు ఆ చదువు నేర్పిన పనినే చెయ్యనివ్వకపోతే ఇంక ఆ అప్పు ఎందుకు చేసినట్టు? మీతో చెప్పాలనుకున్నది ప్రధానంగా ఇదే. ఆ హోటల్ ఉద్యోగంలో తొమ్మిదేళ్లున్నాను. 2017లో ప్రైవేటు అప్పు తీరింది. ఆ తర్వాతే మళ్లీ నాటకాల వైపు వచ్చాను.

ఇది నా ఒక్కదాని కథ అనుకోకండి. హార్వర్డ్ సంగతి చెప్తాను. అక్కడ అమెరికన్ రెపర్టరీ థియేటర్‌కి అనుబంధంగా 1987 నుంచి నటన నేర్పే సంస్థ ఉండేది. మాస్కో ఆర్ట్ థియేటర్ స్కూల్‌తో కలిసి నడిపేవాళ్లు, రెండేళ్ల శిక్షణ. ఒబామా ప్రభుత్వం తెచ్చిన ఒక నియమం ప్రకారం 2017 జనవరిలో విద్యాశాఖ మొదటిసారి లెక్కలు బయటపెట్టింది: ఏ కోర్సు చదివినవాళ్లకి అప్పు ఎంత, రాబడి ఎంత అని. ఆ పరీక్షలో హార్వర్డ్ నటన కోర్సు తప్పింది. విద్యార్థుల్ని వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవారి అప్పు దాదాపు 78,000 డాలర్లు. చదివినవాళ్ల రాబడి చూస్తే ఏడాదికి సుమారు 36,000.

ఆ లెక్క ఎలా వేశారో చూడండి, మనం ఇంట్లో కూడా వేసుకోవచ్చు. 36,000 లోంచి ముందు బతకడానికి కనీసం కావాల్సింది తీసేస్తారు. పేదరికపు గీతకి ఒకటిన్నర రెట్లు, అంటే అప్పట్లో ఒంటరి మనిషికి 18,000కి కాస్త తక్కువ. మిగిలింది సుమారు 18,000. ఏడాది వాయిదాలు దాదాపు 8,000. అంటే తిండీ గూడూ పోగా మిగిలిన దాంట్లో నూటికి 44 అప్పుకే. నియమంలోని ఈ కొలతలో 20 లోపుంటే పాస్, 30 దాటితే తప్పినట్టు. ఆ ఏడాదే మూడేళ్లపాటు ప్రవేశాలు ఆపేస్తున్నామని ప్రకటించారు. 35 బిలియన్ డాలర్లకు పైగా నిధి ఉన్న విశ్వవిద్యాలయం అది. పేరు చూసి చేరిన పిల్లలకి ఆ పేరు వాయిదా కట్టిపెట్టలేదు.

ఇంకోవైపు యేల్ విశ్వవిద్యాలయాన్ని చూడండి. 2021లో సంగీత, సినిమా వ్యాపారి డేవిడ్ గెఫెన్ 150 మిలియన్ డాలర్లు ఇస్తే, ఆ డ్రామా స్కూల్ విద్యార్థులందరికీ ఇకముందు ఎప్పటికీ ట్యూషన్ ఫీజు లేదన్నారు. అప్పటిదాకా ఏడాదికి 32,000 పైన ఉండేది. న్యూయార్క్‌లో కళలు నేర్పే జూలియార్డ్ కూడా 2024 నుంచి నటనలో మాస్టర్స్‌కి ఫీజు తీసేసింది. పెద్ద బడులే ఈ చదువుకి అప్పు పనికిరాదని ఒప్పుకుంటున్నాయని నేను అర్థం చేసుకున్నాను. అందుకే మాస్టర్స్ విషయంలో నా మాట కటువుగా ఉంటుంది: ఫీజు మాఫీ చేసి, బతకడానికి కొంత స్టైపెండ్ ఇస్తేనే వెళ్లండి. చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్‌షిప్ ఉంటుంది. జూనియర్లకి పాఠం చెప్తారు, లేదా సెట్లు కట్టే షాపులో పని చేస్తారు. దానికి బదులుగా ఫీజు ఉండదు. అది రాని ఏడాది ఆగండి, మళ్లీ అప్లై చెయ్యండి. అప్పు చేసి మాత్రం వెళ్లకండి.

డిగ్రీ సంగతి అంత సూటిగా తేలదు. పోయిన నెల మనవాళ్లే ఒక భార్యాభర్తలు అమ్మాయిని తీసుకుని మా ఇంటికొచ్చారు. పాపకి స్టేజ్ మేనేజ్‌మెంట్, అంటే తెర వెనక నుంచి ప్రదర్శన నడిపించే పని, ఇష్టం. కాలేజీ పంపిన ఆర్థిక సహాయం ఉత్తరం బల్ల మీద పెట్టారు. ఏడాది ఖర్చు 74,000. దాని కింద ఒకే వరుసలో: స్కాలర్‌షిప్ 28,000, ఫెడరల్ లోన్ 5,500, వర్క్-స్టడీ 3,000, పేరెంట్ ప్లస్ 37,500. అడుగున పెద్ద అక్షరాల్లో "మిగిలినది: 0". ఆయన నన్ను అడిగారు: "అంటే మనం కట్టేదేమీ లేదన్నమాటేగా అమ్మా?"

నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. ఆయన చదువుకున్న మనిషి, ఇరవై ఏళ్లుగా ఇక్కడున్న మనిషి. ఆ కాగితం రాసిన తీరే అలా ఉంది. నేను రెండు పెన్నులు తీసుకున్నాను. ఊరికే ఇచ్చేది ఆకుపచ్చ, తిరిగి కట్టేది ఎరుపు. ఆకుపచ్చ గీత ఒక్క 28,000 కిందే పడింది. వర్క్-స్టడీ అంటే పాప గంటల లెక్కన పనిచేసి తెచ్చుకోవాల్సిన జీతం, అది సాయమేమీ కాదు. ఫెడరల్ లోన్ అంటే ప్రభుత్వం పాప పేరు మీద ఇచ్చే అప్పు, నాలుగేళ్లకి 27,000 దాటనివ్వరు. ఆరున్నర శాతానికి అటూ ఇటూ వడ్డీతో పదేళ్లు కడితే నెలకి 305 దాకా అవుతుంది. అది కట్టుకోగలదు, నాటకం పనిలో కూడా. పేరెంట్ ప్లస్ అంటే ప్రభుత్వం తల్లిదండ్రుల పేరు మీద ఇచ్చే అప్పు, 37,500 చొప్పున నాలుగేళ్లకి లక్షా యాభై వేలు. వడ్డీ తొమ్మిదికి దగ్గర. నెలకి పందొమ్మిది వందలు, పదేళ్లు. అప్పటికి ఆయనకి 67 ఏళ్లు వస్తాయి. రెండూ కలిపి నెలకి 2,200. తల్లి కాసేపు మాట్లాడలేదు. తర్వాత పాప తల నిమిరి, "సున్నా అని రాశారే" అంది.

2025 జూలైలో వచ్చిన చట్టం ఈ లెక్కని కొంత మార్చింది. 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకి పేరెంట్ ప్లస్ ఏడాదికి 20,000, ఒక్కో బిడ్డకి మొత్తం 65,000 దాటదు. మాస్టర్స్‌కి ఖర్చంతా అప్పిచ్చే గ్రాడ్ ప్లస్ ఆగిపోతుంది. సాధారణ మాస్టర్స్‌కి ఏడాదికి 20,500, మొత్తం లక్ష. అప్పు తగ్గుతుంది కాబట్టి మంచిదే అనుకుంటాం. కానీ ఇందాకటి ఉత్తరంలో 37,500 కాస్తా 20,000 అయితే మిగతా 17,500 ఎవరిస్తారు? కాలేజీ ఫీజు తగ్గించాలి, లేదా ప్రైవేటు బ్యాంకు రావాలి. ప్రైవేటు అప్పుకి ప్రభుత్వం పెట్టిన రాబడిని బట్టి కట్టే పథకాలు వర్తించవు. లాభాపేక్ష లేని సంస్థల్లో పదేళ్లు ఫుల్ టైమ్ పనిచేస్తే మిగిలింది రద్దు చేసే పథకమూ వర్తించదు. ఇక్కడి పెద్ద థియేటర్లలో చాలా వరకు లాభాపేక్ష లేనివే, ఆఫీసులో పనిచేసేవాళ్లకి అది ఎంతో ఆసరా. నా 41,000కి అది దొరకలేదు. ఆ 17,500 లోటు పూడ్చడానికి మళ్లీ మా నాన్నలాంటి వాళ్లెవరూ ప్రైవేటు అప్పుకి సంతకం పెట్టకూడదు.

అదే చట్టంలో ఇంకో పరీక్ష కూడా ఉంది. డిగ్రీ పూర్తయిన నాలుగేళ్లకి ఆ కోర్సు వాళ్ల మధ్యస్థ రాబడి, హైస్కూల్ మాత్రమే చదివిన 25 నుంచి 34 ఏళ్ల వాళ్ల రాబడి కంటే తక్కువుంటే, మూడేళ్లలో రెండేళ్లు అలా తేలితే, ఆ కోర్సుకి ఫెడరల్ అప్పులు ఆగిపోతాయి. మీరు ఎంచుకున్న కోర్సు ఆ గీతకి ఎంత దూరంలో ఉందో ముందే చూసుకోవాలి. కాలేజ్ స్కోర్‌కార్డ్ అని విద్యాశాఖ సైటు ఉంది, అక్కడ కోర్సు వారీగా రాబడి, అప్పు కనిపిస్తాయి.

కానీ చూసేటప్పుడు ఒక సంగతి. అక్కడ నటన, లైటింగ్, సెట్లు, స్టేజ్ మేనేజ్‌మెంట్ అన్నీ ఒకే గుంపులో కలిపి ఉంటాయి. హీరో వేషం కోసం ఆడిషన్లకి తిరిగే కుర్రాడూ, మోటార్లకి చైన్లు బిగించి టన్నుల బరువు పైకెత్తే రిగ్గరూ ఒకే అంకెలో ఉంటారు. నటుడి పనికీ రిగ్గర్ పనికీ అసలు పోలిక లేదు. కన్సర్టులు, కన్వెన్షన్లు, చర్చిలు, టీవీ స్టూడియోలు, అన్నిటికీ మా వాళ్లు కావాలి. అలాగే ఫెడరల్ సాయం తీసుకోని పిల్లలు ఆ లెక్కలోకి రారు. హోటల్లో ప్లేట్లు పెట్టి సంపాదించినదీ అందులో కలుస్తుంది. కాబట్టి అక్కడ అంకె చూశాక కాలేజీకి ఫోన్ చేసి, "మూడేళ్ల కిందట ఈ కోర్సు పూర్తిచేసినవాళ్లు ఇవాళ ఎక్కడ పనిచేస్తున్నారు?" అని అడగండి. తెలిసిన బడి పేర్లతో సహా చెప్తుంది.

హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి కూడా పిల్లలు నాకు ఫోన్ చేస్తుంటారు. "అక్కా, అక్కడ థియేటర్‌లో మాస్టర్స్ చేద్దామనుకుంటున్నా" అని. వాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. ఎఫ్-1, అంటే విద్యార్థి వీసా మీద వచ్చేవాళ్లకి ఫెడరల్ అప్పు లేదు. మన ప్రభుత్వ రంగ బ్యాంకులు ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా ఇల్లో స్థలమో తాకట్టు అడుగుతాయి. కంప్యూటర్స్ లాంటి సైన్స్, ఇంజనీరింగ్ కోర్సుల జాబితాలోవి చదివిన వాడికి చదువయ్యాక ఓపీటీ, అంటే ఇక్కడ పనిచేసుకునే అనుమతి, మూడేళ్లు దొరుకుతుంది. థియేటర్ ఆ జాబితాలో లేదు, ఒక్క ఏడాదే. ఊళ్లో స్థలం తాకట్టు పెట్టి, పన్నెండు నెలల్లో డాలర్లలో తీర్చాలంటే నాటకంలో అయ్యే పని కాదు. ఆ పిల్లలకి నేను ఒకటే చెప్తాను: నాన్నా, ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా మూడేళ్లు నేర్పించి నెలనెలా స్కాలర్‌షిప్ ఇస్తుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ విభాగం ఉంది, తెలుగు విశ్వవిద్యాలయంలో ఉంది, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో ఉంది. అక్కడ చదివి, పని చేసి, తర్వాత పూర్తి ఫెలోషిప్‌తో ఇక్కడికి రా. సురభి వాళ్లని చూడు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన కుటుంబాలు అవి. పాకే వయసు నుంచి తెర వెనకే పెరిగి పని నేర్చుకున్నారు. వాళ్లకీ కష్టాలున్నాయి, చాలా ఉన్నాయి. కానీ మాయల ట్రిక్కులు నేర్చుకున్నందుకు వాళ్లు ఏ బ్యాంకుకీ వాయిదా కట్టలేదు.

ఆ... అక్కడ మూడో వరసలో చెయ్యి ఎత్తారు. చెప్పమ్మా.

(సభలోంచి ఒక అమ్మాయి: "ఆంటీ, అయితే మీరు మళ్లీ పద్దెనిమిదేళ్ల వయసుకి వెళ్తే థియేటర్ తీసుకోరా?")

తీసుకుంటాను. అందులో నాకు అనుమానం లేదు. చీకట్లో మూడొందల మంది ఊపిరి బిగపట్టి కూర్చున్నప్పుడు, నేను "గో" అన్న క్షణంలో ఆ వెలుగు నెమ్మదిగా ఒక మనిషి ముఖం మీదికి వస్తుంది చూడు, దానికోసం ఇప్పటికీ నిచ్చెన ఎక్కుతాను. కానీ తీసుకునే దారి మార్చుకుంటాను. మొదటి రెండేళ్లు ఊళ్లో కమ్యూనిటీ కాలేజీలో చేస్తాను. ఇప్పుడు నేను పాఠం చెప్పేది అలాంటి చోటే. మా లైట్ బోర్డు, ఆ ప్రైవేటు కాలేజీలో నేను నేర్చుకున్న బోర్డు కంటే కొత్తది. తర్వాత రాష్ట్ర విశ్వవిద్యాలయానికి మారతాను. థియేటర్‌తో పాటు ఎలక్ట్రికల్‌వో అకౌంట్స్‌వో నాలుగు క్లాసులు చేస్తాను, జూన్ నెల కోసం. నా పేరు మీద వచ్చే ఫెడరల్ అప్పు దాకా తీసుకుంటాను, నాన్న చేత మాత్రం సంతకం పెట్టించను.

(ఒక తండ్రి: "మరి మా అబ్బాయికి కలల కాలేజీలో సీటొచ్చిందండీ. వద్దంటే జీవితాంతం అంటాడు.")

నిజమే అన్నా, అంటాడు. నేనూ అనుండేదాన్ని. వద్దని చెప్పకండి. వాడి పక్కన కూర్చుని, ఆ కాలేజీకి ఫోన్ చేసి, వేరే చోట ఎక్కువ స్కాలర్‌షిప్ వచ్చింది, మీరు పెంచగలరా అని వాడి చేతే అడిగించండి. పెంచిన సందర్భాలు నేను చూశాను. పెంచకపోతే నెల వాయిదా ఎంతవుతుందో వాడి చేతే లెక్క వేయించండి. ఆ అంకె వాడి చేతిరాతలో ఉండాలి. అది చూశాక కూడా వెళ్తానంటే అప్పుడు మాట్లాడుకుందాం, మీరూ వాడూ నేనూ.

టైమ్ అయిపోయిందంటున్నారు. ఉత్తరాలు తెచ్చినవాళ్లు ఆ కిటికీ పక్క బల్ల దగ్గరికి రండి. పిల్లల్ని కూడా తీసుకురండి, వాళ్లు లేకుండా నేను చూడను. ఎరుపు, ఆకుపచ్చ పెన్నులు సరిపడా తెచ్చాను.